తోలు చెప్పులు, తోలు దుస్తులు: మన అభిప్రాయాలు, ధర్మాదేశాలు

పండుగ దగ్గర పడితే ఇంటిల్లిపాదికీ కొత్త చెప్పులు కొనడం మన ఇళ్లలో మామూలే. చలికాలం వస్తే కుర్రకారు తోలు జాకెట్ల మీద మోజు పడతారు. గల్ఫ్ నుంచి, ఇతర దేశాల నుంచి వచ్చే బంధువులు బూట్లు, బెల్టులు, పర్సులు తెస్తారు. సరిగ్గా అప్పుడే రకరకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. తోలు బెల్టు పెట్టుకుని నమాజు చేస్తే అది నెరవేరదని ఒకరంటారు. ఆ బూటు లోపల ఉన్నది పంది తోలేమో, ఎందుకొచ్చిన గొడవ, రెక్సిన్‌ది కొనుక్కో అని మరొకరు సలహా ఇస్తారు. జంతువు తోలు తొడుక్కోవడం దయలేని పని కాదా అని కాలేజీలో చదివే పిల్లలు అడుగుతారు. తోలు పని తక్కువ వాళ్ల పని అనే మాట కూడా, బాధాకరమే అయినా, మన నోటి నుంచే వస్తూ ఉంటుంది.

ఈ అభిప్రాయాలలో కొన్ని భయం నుంచి పుట్టాయి, కొన్ని అలవాటు నుంచి పుట్టాయి. కొన్నింటిలో మాత్రం నిజంగానే ఆలోచించవలసిన విషయం ఉంది. విశ్వాసి దేనినైనా తన ఇష్టాయిష్టాలతో కాదు, అల్లాహ్ ఆదేశంతో, ఆయన ప్రవక్త (సల్లం) ఆచరణతో తూచి చూడాలి. అందుకే ఈ నెల పాఠంగా ఈ విషయాన్ని తీసుకున్నాము.

తోలు ఒక అనుగ్రహం

దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా 80వ వాక్యంలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, పశువుల తోళ్లతో మీకు గుడారాలు ఏర్పాటు చేశాననీ, ప్రయాణం చేసే రోజున గానీ, మజిలీ చేసే రోజున గానీ అవి మీకు తేలికగా ఉంటాయనీ తెలియజేశాడు. అదే వాక్యంలో ఉన్ని, రోమాలు, వెంట్రుకల ప్రస్తావన కూడా ఉంది. అదే సూరా 5వ వాక్యంలో పశువుల వల్ల మనకు వెచ్చదనం, ఇంకా ఎన్నో ప్రయోజనాలు లభిస్తున్నాయని చెప్పాడు. అంటే తోలు అనేది అసహ్యించుకోవలసిన వస్తువు కాదు. కృతజ్ఞతతో వాడుకోవలసిన కానుక.

దైవప్రవక్త (సల్లం) ఇంటిని చూడండి. ఆయన పడుకునే పరుపు తోలుతో చేసినదనీ, దానిలో ఖర్జూరపు పీచు నింపి ఉండేదనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). ఆయన చెప్పులకు రెండేసి పట్టీలు ఉండేవని హజ్రత్ అనస్ (రజి) వివరించారు (బుఖారీ). హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) రోమాలు లేని, శుద్ధి చేసిన తోలు చెప్పులే తొడిగేవారు. కారణం అడిగితే, దైవప్రవక్త (సల్లం) అలాంటివే తొడగడం, వాటితోనే వుజూ చేయడం తాను చూశానని చెప్పారు (బుఖారీ). అంతెందుకు, వహీ అవతరించినప్పుడు దానిని రాసి ఉంచిన వస్తువులలో ఖర్జూరపు మట్టలు, పలుచని రాళ్లతో పాటు తోలు ముక్కలు కూడా ఉన్నాయి. అల్లాహ్ వాణిని మోసిన వస్తువును నడుముకు కట్టుకుంటే నమాజు చెల్లదనడం ఎంతవరకు సబబు?

చనిపోయిన గొర్రె, ఒక ప్రశ్న

ఈ అంశంలో అన్నిటికంటే ముఖ్యమైన హదీసు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించినది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ మైమూనా (రజి) దగ్గర బానిసత్వం నుంచి విముక్తి పొందిన ఒక స్త్రీకి ఎవరో ఒక గొర్రెను దానంగా ఇచ్చారు. అది చచ్చిపోయింది. అలా పడివున్న గొర్రె పక్క నుంచి దైవప్రవక్త (సల్లం) వెళ్తూ, దీని తోలు తీసి, శుద్ధి చేసి, మీరెందుకు ఉపయోగించుకోలేదని అడిగారు. ఇది చచ్చిన జంతువు కదా అని వాళ్లు జవాబిచ్చారు. నిషేధించబడినది దానిని తినడం మాత్రమేనని ఆయన వివరించారు (బుఖారీ, ముస్లిం).

ఆ ప్రశ్నను మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. అది పేద స్త్రీ గొర్రె. దానంగా వచ్చిన గొర్రె. మాంసం ఎలాగూ పోయింది, కనీసం తోలైనా ఆమెకు అక్కరకు రాకుండా ఎందుకు పోవాలన్నదే ఆ ప్రశ్నలోని ఆర్ద్రత. మరో హదీసులో, పదును చేసిన తోలు పరిశుద్ధమైపోతుందని ఆయన స్పష్టం చేశారు (ముస్లిం). హజ్రత్ సౌదా (రజి) ఇంట్లో ఒక గొర్రె చనిపోతే, దాని తోలును పదును చేసి, అది పాతబడి పనికిరాకుండా పోయేంత వరకు అందులో ఖర్జూరపు పానీయం నానబెట్టుకున్నామని ఆమే చెప్పారు (బుఖారీ). తాగే పానీయానికే పనికివచ్చినప్పుడు కాలి చెప్పుకు, నడుము పట్టీకి అభ్యంతరం ఏముంటుంది?

తోలును శుద్ధి చేయడాన్ని అరబీలో దిబాగత్ అంటారు. పచ్చి తోలులో తేమ, కొవ్వు, మాంసపు పొరలు ఉంటాయి కనుక అది ఒకటి రెండు రోజుల్లోనే కుళ్లిపోతుంది. ముందుగా ఉప్పు పట్టించి, ఆ తరువాత సున్నపు నీటిలో నానబెట్టి రోమాలు తీసి, లోపలి వైపు గీకి, చివరికి వగరు గుణం ఉన్న చెక్కల రసంలో ఊరబెడితే తోలు కుళ్లని పదార్థంగా మారుతుంది. నీటితోను, ఖరజ్‌తోను తోలు శుద్ధి అవుతుందని ఒక హదీసులో ఉంది (అబూదావూద్, నసాయీ). ఖరజ్ అంటే తుమ్మ జాతి చెట్టు నుంచి వచ్చేది. మన తెలుగు నేల మీద ఈ పనికి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. ఊరి చివర లందలలో తోళ్లు నానబెట్టిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గౌరవం పొందుతున్న తంగేడు ఒకప్పుడు తోలు పరిశ్రమకు ప్రాణం. 19వ శతాబ్దం చివరి నుంచి క్రోమియం లవణాలతో శుద్ధి చేసే పద్ధతి వ్యాపించింది. ఈనాడు ప్రపంచంలోని తోలులో అత్యధిక భాగం అలా తయారవుతున్నదే. పద్ధతి ఏదైనా ఫలితం ఒక్కటే. దుకాణంలో చెప్పుగా, జాకెట్‌గా మనకు కనిపించే తోలు ఏదైనా దిబాగత్ పూర్తయినదే.

ఏ తోలు కూడదు?

ఈ సౌలభ్యానికి కొన్ని హద్దులు ఉన్నాయి.

మొదటిది పంది తోలు. అన్ఆమ్ సూరా 145వ వాక్యంలో అల్లాహ్ దానిని అశుద్ధమని ప్రకటించాడు. అందువల్ల ఎంత శుద్ధి చేసినా పంది తోలు పరిశుద్ధం కాదని హనఫీ, షాఫయీ ధర్మవేత్తలు ఇద్దరూ చెప్పారు. దానితో చేసిన బూటు, బెల్టు, పర్సు, చేతి తొడుగు దేనినీ మనం వాడకూడదు.

రెండవది కుక్క తోలు. షాఫయీ మస్లక్ ప్రకారం ఇది కూడా దిబాగత్‌తో శుద్ధి కాదు. హనఫీల దగ్గర పంది తోలుకు వర్తించే ఆదేశం దీనికి లేదు. మన ప్రాంతంలో అధిక సంఖ్యాకులు హనఫీలే అయినా, హైదరాబాద్ బార్కస్ వంటి చోట్ల షాఫయీలు ఉన్నారు కనుక ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

మూడవది పులి, చిరుత వంటి క్రూర మృగాల తోళ్లు. వాటిని వాడవద్దని దైవప్రవక్త (సల్లం) వారించినట్లు హదీసులు ఉన్నాయి (అబూదావూద్, తిర్మిజీ). అలాంటి తోళ్లు తొడగడంలో రాచరికపు డాంబికం, అహంకారం ఉంటాయని ధర్మవేత్తలు కారణం చెప్పారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా పులి, చిరుత, మొసలి వంటి జంతువుల తోళ్ల వ్యాపారాన్ని నేరంగా పరిగణిస్తుంది. ధర్మం వారించినదానిని, దేశ చట్టం నిషేధించినదానిని ముచ్చట పేరుతో ఇంట్లోకి తేవడం విశ్వాసికి తగదు.

ఇక మేక, గొర్రె, ఎద్దు, బర్రె, ఒంటె తోళ్ల విషయంలో సందేహానికి తావు లేదు. కోసిన చెయ్యి ఎవరిదో తెలియకపోయినా, జంతువు దానంతట అదే చనిపోయినా, దిబాగత్ జరిగిన తరువాత ఆ తోలు శుద్ధమైనదేనని పైన పేర్కొన్న గొర్రె హదీసు ఆధారంగా అధిక సంఖ్యాకులైన ధర్మవేత్తలు తీర్పు చెప్పారు. కొందరు ధర్మవేత్తలు ఇందులో భిన్నాభిప్రాయం వెలిబుచ్చిన మాట నిజమే. అయితే హనఫీ, షాఫయీ మస్లక్‌లు రెండింటిలోనూ పైన చెప్పిన తీర్పే ఆచరణలో ఉంది.

అనుమానానికి హద్దు ఎక్కడ?

ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. బూటు మీద ఏ జంతువు తోలో రాసి ఉండదు. అలాంటప్పుడు ప్రతి జతనూ అనుమానించాలా?

రెండు సంఘటనలు మనకు దారి చూపుతాయి. హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణంలో దైవప్రవక్త (సల్లం) సిరియాలో తయారైన ఇరుకు చేతుల జుబ్బా ధరించి ఉన్నారు. అప్పుడు సిరియా రోమన్ల ఏలుబడిలో ఉంది. దానిని ఎవరు నేశారు, ఎలా నేశారు అని ఆయన ఆరా తీయలేదు. అదే ప్రయాణంలో హజ్రత్ ముగీరా (రజి) ఆయన తోలు మేజోళ్లు విప్పబోతే, వుజూతో ఉండగానే తొడిగానని చెప్పి వాటిపై మసహ్ చేశారు (బుఖారీ, ముస్లిం). రెండవది హజ్రత్ ఉమర్ (రజి) సంఘటన. ఒక ప్రయాణంలో నీటి తొట్టి దగ్గరికి చేరుకున్నప్పుడు, ఇక్కడికి క్రూర జంతువులు నీళ్లు తాగడానికి వస్తాయా అని హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) తొట్టి యజమానిని అడిగారు. ఆ సంగతి మాకు చెప్పనక్కరలేదని హజ్రత్ ఉమర్ (రజి) యజమానిని ఆపేశారు (మువత్తా). అంటే ఆధారం లేని అనుమానంతో ధర్మాన్ని బరువుగా మార్చుకోకూడదు. వస్తువు విషయంలో అసలు నియమం అనుమతే. నిషేధానికే ఆధారం కావాలి.

అయితే ఆధారం కళ్లెదుట ఉన్నా చూడనట్లు నటించడం కూడా దైవభీతి కాదు. పంది తోలును కొన్ని చోట్ల బూట్ల లోపలి అస్తరుకు, మెత్తని నూగు ఉండే రకం బూట్లకు, చేతి తొడుగులకు, జాకెట్లకు వాడతారన్నది వాస్తవం. దానికి ఒక గుర్తు ఉంది. పంది తోలు పైన రోమ రంధ్రాలు మూడేసి చొప్పున, చిన్న ముక్కోణంలా గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. మేక, ఆవు జాతి తోలులో ఈ ముక్కోణాలు ఉండవు. నూగు రకంలో పైపొర గీకేసినా ఈ రంధ్రాలు తరచుగా కనిపిస్తూనే ఉంటాయి. అయితే తోలుకాని వస్తువుల మీద కూడా ఇలాంటి అచ్చు వేస్తారు కనుక ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పేయకుండా దుకాణదారుని అడిగి నిర్ధారించుకోవాలి.

విదేశాల నుంచి వచ్చే బూట్ల మీద చిన్న చిన్న బొమ్మలు ఉండటం మీరు గమనించే ఉంటారు. ఐరోపాలో 1994లో వచ్చిన నిబంధన ప్రకారం బూటు పైభాగం, లోపలి అస్తరు, అడుగు అనే మూడు భాగాలు దేనితో చేశారో ఈ బొమ్మలు చెబుతాయి. పరిచిన పశువు తోలు ఆకారం ఉంటే అసలు తోలు. ఆ ఆకారం లోపల వజ్రం గుర్తు ఉంటే పైన పూత వేసిన తోలు. వల అల్లికలాంటి గుర్తు ఉంటే బట్ట. ఒట్టి వజ్రం గుర్తు ఉంటే ఇతర పదార్థం. కానీ ఒక్క విషయం మరువరాదు. ఆ గుర్తు తోలు అని చెబుతుందే తప్ప ఏ జంతువు తోలో చెప్పదు. అస్తరు దగ్గర తోలు గుర్తు ఉంటే మాత్రం ఒకసారి అడగడం మంచిది. బట్ట గుర్తు ఉంటే అసలు ప్రశ్నే లేదు.

తెలియక కొన్న తరువాత అది పంది తోలని రూఢి అయితే ఏం చేయాలి? వాడటం మానేయాలి. వీలైతే దుకాణానికి తిరిగి ఇచ్చేయాలి. తడి పాదం తగిలి ఉంటే కడుక్కోవాలి. షాఫయీ మస్లక్ వారు కడిగే విధానం తమ ఉలమాను అడిగి తెలుసుకోవాలి. దానిని మరో ముస్లింకు అంటగట్టి చేతులు దులుపుకోవడం మాత్రం ఎంతమాత్రం కూడదు.

అమ్మేవారి నిజాయితీ

కొనేవారికి ఇంకో ఫిర్యాదు ఉంది. అసలు తోలని చెప్పి డబ్బు తీసుకున్నారు, ఏడాది తిరగకుండానే పైపొర పెళ్లలు పెళ్లలుగా ఊడిపోయింది అంటారు. ఇది తోలు తప్పు కాదు, మాట తప్పు. రెక్సిన్ అంటే బట్ట మీద ప్లాస్టిక్ పూత. తోలు పొడిని, తరుగును జిగురుతో అతికి పలకలుగా చేసి, పైన పూత వేసి అమ్మే రకం కూడా ఉంది. చూడటానికి తోలులాగే ఉంటుంది, కాని మన్నిక ఉండదు. అసలు తోలును వెనక్కి తిప్పి చూస్తే పీచు పీచుగా ఉంటుంది, అంచు దగ్గర బట్ట పోగులు కనిపించవు. పైన దట్టమైన పూత లేకపోతే ఒక నీటి చుక్కను నెమ్మదిగా పీల్చుకుంటుంది. వంచితే సహజమైన ముడతలు పడతాయి.

రెక్సిన్ అమ్మడంలో తప్పు లేదు, కొనడంలోనూ తప్పు లేదు. చౌకగా దొరుకుతుంది, పేదవాడి కాలు ఎండకు కాలకుండా కాపాడుతుంది. తప్పల్లా రెక్సిన్‌ను తోలని చెప్పి తోలు ధర తీసుకోవడంలోనే ఉంది. దైవప్రవక్త (సల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. మరి తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైనే ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీసి, మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని ప్రకటించారు (ముస్లిం). చెప్పుల వ్యాపారం మన వాళ్ల చేతుల్లో చాలా ఊళ్లలో ఉంది. బూటు పైభాగం తోలే, అస్తరు కాదు. బెల్టు పైపొర తోలే, లోపల అతుకు ఉంది అని ముందే చెప్పే దుకాణదారుడు ఆ హదీసును ఆచరించిన వాడవుతాడు. లాభం కొంచెం తగ్గినా బరకత్ తగ్గదు.

తోలు మేజోళ్లపై మసహ్ విషయంలో కూడా ఈ తేడా తెలియాలి. స్థానికునికి ఒక పగలూ రాత్రి, ప్రయాణికునికి మూడు పగళ్లూ రాత్రులూ మసహ్ అనుమతి ఉంది (ముస్లిం). మేజోడు చీలమండలను కప్పాలి, వుజూతో ఉండగా తొడిగి ఉండాలి. చీలమండ కింద వరకే ఉండే మామూలు బూటుపై ఈ అనుమతి వర్తించదు. తోలు కాకుండా మరో పదార్థంతో చేసిన మేజోళ్ల గురించి ధర్మవేత్తల మధ్య చర్చ ఉంది కనుక కొనే ముందే మీ ఇమాము గారిని అడగండి.

తోలు పని చేసే చేతులు

తోలు తొడగడానికి సంకోచించని మనిషి తోలు పని చేసేవాడి చేతి నీళ్లు తాగడానికి సంకోచిస్తే దానిని ఏమనాలి? కుల గర్వం మన చుట్టూ ఉన్న సమాజంలో ఉంది. అది మన ఇళ్లలోకి కూడా పాకింది. కానీ ఇస్లాంలో దానికి చోటు లేదు.

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) స్వయంగా తన చేతులతో తోలు పదును చేసేవారు. దైవప్రవక్త (సల్లం) ఒకసారి ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె తోలును రుద్దుతూ ఉన్నట్లు హదీసు గ్రంథంలో ఉంది (ముస్లిం). అలా కష్టపడి సంపాదించినది ఆమె దానం చేసేవారు. ప్రవక్త సతీమణి చేసిన పని నీచమైన పని ఎలా అవుతుంది? దైవప్రవక్త (సల్లం) స్వయంగా తన చెప్పులు కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (అహ్మద్). హిజ్రీ 3వ శతాబ్దంలో బాగ్దాద్‌లో జీవించిన గొప్ప హనఫీ ధర్మవేత్త ఇమామ్ ఖస్సాఫ్ (రహ్మ) వక్ఫ్ చట్టాలపై రాసిన గ్రంథం నేటికీ ప్రమాణం. ఖస్సాఫ్ అంటే చెప్పులు కుట్టేవాడు. ఆయన ఆ పని మీదే బతికారు, ఆ పేరుతోనే చరిత్రలో నిలిచారు.

కనుక బస్టాండు పక్కన ఆరె పట్టుకుని కూర్చున్న పెద్దాయన దగ్గర చెప్పు కుట్టించుకునేటప్పుడు, ఆయన ఏ మతంవాడైనా సరే, అయ్యా అని పిలవండి. పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడకండి. కూలీ చెమట ఆరకముందే ఇవ్వమన్న ఉపదేశం ఆయనకూ వర్తిస్తుంది. పిల్లలు పక్కనే ఉంటే ఇంకా మంచిది, వాళ్లు చూసి నేర్చుకుంటారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఖరీదైన బూటు తొడిగితేనే మనిషికి విలువ అనుకునేవారు కొందరు. తన దుస్తులు, తన చెప్పులు బాగుండాలని మనిషి కోరుకుంటాడే, అది అహంకారమా అని ఒక వ్యక్తి దైవప్రవక్త (సల్లం)ను అడిగారు. అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ, అహంకారం అంటే సత్యాన్ని తిరస్కరించడం, మనుషులను చులకనగా చూడటమనీ ఆయన వివరించారు (ముస్లిం). మంచి తోలు బూటు తొడగవచ్చు. ఆ బూటుతో ఇంకొకరి ఆత్మగౌరవాన్ని తొక్కకూడదు.

దయ, బాధ్యత

జంతువు తోలు వాడటం క్రూరత్వం కాదా అన్న పిల్లల ప్రశ్నను కసరి కొట్టేయకండి. ఆ ప్రశ్నలో దయ ఉంది. దయ ధర్మంలో భాగమే. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్‌సాన్‌ను విధించాడనీ, జంతువును కోసేటప్పుడు కూడా కత్తిని పదును పెట్టి దానికి బాధ తగ్గించాలనీ దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు (ముస్లిం). జంతువును హింసించి, బతికుండగానే బాధించి సంపాదించిన తోలు విషయంలో పిల్లల బాధ న్యాయమైనదే. కానీ మేక, గొర్రె, బర్రె తోలు చాలా వరకు మాంసం కోసం కోసిన తరువాత మిగిలేది. దానిని పారేస్తే జంతువుకు మేలు జరగదు, మనిషికి నష్టం జరుగుతుంది. దానికి బదులుగా వచ్చే ప్లాస్టిక్ పూత వస్తువు పెట్రోలియం నుంచి పుడుతుంది, మట్టిలో కలవడానికి చాలా కాలం పడుతుంది. తోలు వాడటం ఇస్లాంలో విధి కాదు. వద్దనుకునేవారు బట్ట చెప్పులు తొడగవచ్చు. అల్లాహ్ అనుమతించినదానిని పాపం అని ప్రకటించడం మాత్రం కూడదు.

తోలు పరిశ్రమ వైపు నుంచి జరిగే అన్యాయాన్ని కూడా దాచకూడదు. మన చిత్తూరు జిల్లా మీదుగా పారి తమిళనాడులో ప్రవేశించే పాలార్ నది ఒడ్డున వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట పట్టణాలు తోలుకు ప్రసిద్ధి. అక్కడి పరిశ్రమలో ముస్లింల పాత్ర పెద్దది. శుద్ధి చేయకుండా వదిలిన మురుగు వల్ల ఆ నది, బావులు, పొలాలు దెబ్బతిన్నాయి. 1996లో సుప్రీంకోర్టు అక్కడి కర్మాగారాలకు ఒక్కొక్కదానికి 10,000 రూపాయల జరిమానా విధించి, కలుషితం చేసినవారే నష్టం భరించాలనే సూత్రాన్ని మన దేశ చట్టంలో స్థిరపరిచింది. 2025 జనవరిలో కూడా అదే నది విషయంలో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వవలసి వచ్చింది. ఇతరులకు నష్టం కలిగించకూడదు అన్నది హదీసు సూత్రం (ఇబ్నె మాజా). ఆ సూత్రం మసీదులో ఎంత వర్తిస్తుందో మురుగు కాలువ దగ్గరా అంతే వర్తిస్తుంది.

బక్రీద్ తోళ్లు: ఆ ప్రశ్న మనకే

మళ్లీ ఆ గొర్రె హదీసు దగ్గరికి వద్దాం. చచ్చిన గొర్రె తోలు వృథా అవుతుంటేనే దైవప్రవక్త (సల్లం) ప్రశ్నించారు. అల్లాహ్ పేరున జిబహ్ చేసిన ఖుర్బానీ జంతువు తోలును మనం గుంటలో పారేస్తే ఏమని ప్రశ్నిస్తారు?

ఒకప్పుడు చర్మే ఖుర్బానీ మదర్సాలకు పెద్ద ఆధారం. ఇల్లిల్లూ తిరిగి తోళ్లు సేకరించేవారు. ఆ డబ్బుతో అనాథ విద్యార్థులకు నెలల తరబడి భోజనం నడిచేది. 2010 దశకం రెండో సగం నుంచి తోళ్ల ధరలు బాగా పడిపోయాయి. జనం బట్ట బూట్లకు, కృత్రిమ పదార్థాలకు అలవాటు పడ్డారు. 2019 కుంభమేళా సమయంలో కాన్పూరు తోలు కర్మాగారాలు నెలల తరబడి మూతపడ్డాయి. ఆ తరువాత కరోనా వచ్చింది. ధర రాదన్న నిరుత్సాహంతో ఎన్నో చోట్ల తోళ్లు పూడ్చిపెట్టారు, కొందరు చెత్తకుప్పల పాలు చేశారు. బజారు ధర మన చేతుల్లో లేదు. కానీ తోలును పాడు చేయకుండా ఉంచడం మన చేతుల్లోనే ఉంది.

తోలు విలువ తగ్గడానికి మన అజాగ్రత్త కూడా ఒక కారణం. వలిచేటప్పుడు కత్తి గాట్లు పడితే ఆ తోలు బూటుకు పనికిరాదు. గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో కుక్కితే ఎండకు ఉడికి కుళ్లిపోతుంది. వలిచిన నాలుగైదు గంటలలోపే నీడలో పరిచి, మాంసం అంటిన వైపు అంతటా ఉప్పు పట్టించాలి. తోలు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉప్పు కావాలి. ఒక మేక తోలుకు దాదాపు కిలో. కాళ్ల దగ్గర, మెడ దగ్గర మడతలు లేకుండా చూడాలి. ఇంతే పని. ఖుర్బానీకి వేలు ఖర్చు పెట్టిన చెయ్యి ఒక కిలో ఉప్పుకు వెనుకాడకూడదు.

ధర్మాదేశం కూడా గుర్తుంచుకోండి. హజ్రత్ అలీ (రజి)ని దైవప్రవక్త (సల్లం) తమ ఖుర్బానీ ఒంటెల దగ్గర ఉంచి, మాంసం, తోళ్లు, వాటి మీది గుడ్డలు అన్నీ దానం చేయమనీ, కోసినవాడికి కూలిగా వాటిలో నుంచి ఏదీ ఇవ్వవద్దనీ ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). కసాయికి కూలి మన జేబులో నుంచే ఇవ్వాలి. హనఫీ మస్లక్ ప్రకారం తోలును మనమే శుద్ధి చేయించి జానమాజుగానో, సంచిగానో వాడుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు. డబ్బుకు అమ్మితే మాత్రం ఆ డబ్బు పేదలకు దానం చేసి తీరాలి. షాఫయీ మస్లక్‌లో ఖుర్బానీ చేసినవారు తోలు అమ్మడమే కూడదు.

ఈ పాఠంలో నేర్చుకున్నవి

1. పదును చేసిన తోలు పరిశుద్ధం. తోలు బెల్టు, గడియారం పట్టీ, పర్సు ఉన్నా నమాజు నెరవేరుతుంది.

2. పంది తోలు ఏ స్థితిలోనూ వాడకూడదు. క్రూర మృగాల తోళ్లకు దూరంగా ఉండాలి.

3. ఆధారం ఉంటే విచారించాలి. ఆధారం లేకుండా అనుమానాలు పెంచుకోకూడదు.

4. అమ్మేవారు ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. కొనేవారు మర్యాదగా అడగాలి.

5. తోలు పని చేసేవారిని గౌరవించాలి. అది విశ్వాసుల మాతృమూర్తి చేసిన పని.

6. వచ్చే బక్రీద్‌కు కత్తితో పాటు ఉప్పు కూడా సిద్ధం చేసుకోవాలి.

సోదర సోదరీమణులారా! చెప్పు చిన్న వస్తువే. కానీ కుడి కాలితో తొడిగి, ఎడమ కాలితో విప్పే పద్ధతి నేర్పిన ధర్మం మనది. ఇంత చిన్న విషయంలో కూడా మన ప్రవక్త (సల్లం) మనల్ని వదిలేయలేదు. అల్లాహ్ ఇచ్చిన ఏ అనుగ్రహాన్నీ వృథా చేయకుండా, ఏ మనిషినీ చులకన చేయకుండా, ధర్మసమ్మతమైనదానిని ధర్మసమ్మతమైన రీతిలోనే వాడుకునే భాగ్యాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.